పెళ్ళి ఫైలు

మా ఆడపడుచు కూతురు శిరీషకి మొన్న ముంబైలో వీసా ఇంటర్వ్యూ అయింది. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అమెరికా పౌరుడు. శిరీష వాళ్ళ నాన్న 2020లో పోయాడు కాబట్టి పెళ్ళిలో పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్ళు కడిగింది నేనూ మావారూ. ఆ చనువుతోనే ఇంటర్వ్యూకీ మేమే తోడెళ్ళాం.

హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉండగా ముంబై దాకా ఎందుకని తెనాలిలో అడగనివాళ్ళు లేరు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో చదువుల వీసాలు, హెచ్-1బీలు, హెచ్-4లు చూస్తారు. పౌరుడి భార్యగా అమెరికాలో స్థిరపడటానికి వెళ్ళే మా శిరీష మాత్రం ముంబైలో బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లోని కాన్సులేట్‌కి వెళ్ళాల్సొచ్చింది. మనమంతా ఎంబసీ ఎంబసీ అంటాం గానీ ఎంబసీ ఢిల్లీలో ఉంది, ఇది కాన్సులేట్. ముందు రోజు వేలిముద్రలూ ఫోటో అయ్యాయి. ఇంటర్వ్యూ రోజు పొద్దున శిరీష ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఫోను, బ్యాగు అన్నీ నా ఒళ్ళో పెట్టి, ఫైలు ఒక్కటే పట్టుకుపోయింది.

తిరిగొచ్చేసరికి చేతిలో ఒక చీటీ ఉంది. మర్యాదగానే మాట్లాడారట, ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పిందట. కానీ మేం పెట్టిన అల్లుడి ఆదాయప్పన్ను కాగితాలు అంతకు ముందు ఏడాదివి. ఈలోగా కొత్త లెక్కల ఏడాది వచ్చేసింది. అది చూసుకోకపోవడం మా పొరపాటే. 221(జి) అంటారు ఆ చీటీని. చట్టం లెక్కలో అదీ తిరస్కారమేనట గానీ, అడిగిన కాగితం ఏడాదిలోగా ఇస్తే మళ్ళీ చూస్తారు.

మావారు ముప్ఫై ఒక్కేళ్ళు రిజిస్ట్రేషన్ శాఖలో చేసి సబ్ రిజిస్ట్రారుగా రిటైరయ్యారు. శిరీష జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతుంది. మర్నాడు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ కళ్యాణ్ దాటాక వాళ్ళిద్దరికీ మొదలైన వాదన రాత్రి షోలాపూర్ దాకా సాగింది. నాకు గుర్తున్నంత మేరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

శిరీష: ఏడాదిన్నర ఎదురుచూపులకి గట్టిగా పది నిమిషాలు కూడా పట్టలేదు మావయ్యా. కుడిచెయ్యి పైకెత్తించి నిజమే చెప్తానని ప్రమాణం చేయించారు. ఫైల్లో పెళ్ళి ఫోటోలు తిప్పుతూ తిప్పుతూ కాళ్ళు కడిగే ఫోటో దగ్గర ఆగి, ఈయన మీ నాన్నగారా అంది అక్కడి ఆఫీసరు. కాదు, మా మావయ్య అన్నాను. నాన్నగారు పెళ్ళికి రాలేదా అంది. లేరు అన్నాను. అద్దానికి అవతల కూర్చున్న మనిషికి, మైకులో, పక్క కిటికీ వాళ్ళు కూడా వినేలా మా నాన్న లేరని చెప్పాల్సొచ్చింది. ఆవిడ పాపం సారీ అంది. ఆవిడ తప్పేం లేదు. అయినా నాకు కాళ్ళు వణికాయి.

మావయ్య: నీ కష్టం నాకు తెలుస్తోంది తల్లీ. కానీ అది అడగాల్సిన ప్రశ్నే. పెళ్ళి ఫోటోల్లో పిల్ల తండ్రి కనపడకపోతే నేనైనా అడుగుతాను. అడిగాను కూడా. పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి వచ్చిన ప్రతి జంటనీ శుభలేఖ తెమ్మనేవాణ్ని, తాళి కట్టే ఫోటో తెమ్మనేవాణ్ని. ఒకసారి ఒక జంట పెళ్ళయి ఎనిమిది నెలలైందని చెప్పి శుభలేఖ నా చేతికిచ్చారు. మూలల్లో రాసిన పసుపు నా వేలికంటుకుంది. వాసన కూడా పోలేదు. ముందు రోజు సాయంత్రం కొట్టించుకొచ్చారు దాన్ని. ఆ పిల్ల వైపు చూస్తే తల ఎత్తలేదు. ఆ రోజు నేను అడక్కుండా సంతకం పెట్టి ఉంటే?

శిరీష: అడగద్దని నేననలేదుగా. మీ బల్ల ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఆ పిల్ల తల ఎత్తలేదని మీరు చూడగలిగారు. ముంబైలో ఆ కిటికీ ముందు నిలబడింది సగం పెళ్ళే. నేనొక్కదాన్నే. ఆయన డాలస్‌లో రాత్రంతా మేలుకుని ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి కాపురం చేస్తున్నట్టు రుజువులు చూపించమంటారు. కలిసి కాపురం చేద్దామంటే వీసా ఉండాలి. పోనీ ఈ ఏడాదిన్నరలో విజిటర్ వీసా మీద వెళ్ళి నాలుగు నెలలు ఉండొద్దామంటే, మొగుడు అక్కడే ఉన్నాడు కాబట్టి తిరిగి రావన్న అనుమానంతో 214(బి) కింద కొట్టేస్తారని అందరూ భయపెట్టారు. అంటే కలిసి ఉన్నామని చూపించాలి, కలిసి ఉండకూడదు. ఇదేం లెక్క?

మావయ్య: అందుకేగా ఆయన వచ్చిన రెండుసార్లూ బోర్డింగ్ పాసులు దాచమన్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ బోర్డింగ్ పాసుల్ని మావారు అల్లుడు వచ్చిన రోజే అడిగి తీసుకుని జెరాక్సు తీయించి పెట్టారు. అప్పుడు నేను విసుక్కున్నాను, అలిసిపోయి వచ్చిన పిల్లాడి జేబులు తడమడమేంటని. అవి వేడికి అచ్చయ్యే కాగితాలు, ఆర్నెల్లలో అక్షరాలు పోతాయని ఆయనకి తెలుసు. మొదటి పాసు ఇప్పుడు తెల్లగా ఉంది. ఎత్తి వెలుగులో పెడితే పేరులో రెండక్షరాలు కనపడతాయి, అంతే. జెరాక్సు మాత్రం నిక్షేపంగా ఉంది.

శిరీష: మీరు దాచారు సరే. దాచే మావయ్య లేని పిల్ల సంగతేంటి? మన హిందూ వివాహ చట్టమే చూడండి. ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుందని ఏడో సెక్షను చెబుతుంది. రిజిస్టరు చేయించకపోయినా పెళ్ళి చెల్లకుండా పోదని ఎనిమిదో సెక్షను చెబుతుంది. మీరే నాకు చెప్పారీ సంగతి. అగ్నిసాక్షిగా చేసుకున్నదాన్ని మన చట్టం నమ్ముతుంది. అక్కడ మాత్రం కాగితం ముందు, పెళ్ళి తర్వాత.

మావయ్య: అగ్ని సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి రాదమ్మా. ఆ ఎనిమిదో సెక్షను మంచితనం వల్ల ఎంతమంది ఆడపిల్లలు నష్టపోయారో నీకు తెలీదు. పెళ్ళి చెల్లుతుంది. కానీ మొగుడు కాదంటే రుజువేది? 2006లో సీమ కేసులో సుప్రీంకోర్టు పెళ్ళిళ్ళన్నీ రిజిస్టరు కావాలని ఊరికే అందా? మన రాష్ట్రంలో అంతకు ముందే, 2002లోనే చట్టం చేశారు. కాగితాన్ని తక్కువ చెయ్యకు. లేనివాళ్ళని అడుగు దాని విలువ.

కర్జత్‌లో బండి ఆగింది. ఘాట్ ఎక్కించడానికి వెనక ఇంజన్లు తగిలిస్తుంటే, కిటికీలోంచి వడాపావ్ తీసుకున్నాం. తింటున్నంత సేపూ ఇద్దరూ మాట్లాడలేదు. సొరంగాల్లోకి వెళ్ళాక శిరీష మళ్ళీ అందుకుంది.

శిరీష: శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన ఏంజెల్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది మావయ్యా. 1910 నుంచి 1940 దాకా చైనా నుంచి వచ్చినవాళ్ళని అక్కడ ఆపి ప్రశ్నలు వేసేవాళ్ళు. మీ ఇంటికి మెట్లెన్ని, బియ్యం కుండ ఏ మూల ఉంటుంది, మీ వీధిలో మూడో ఇల్లు ఎవరిది. అవే ప్రశ్నలు అమెరికాలో ఉన్న తండ్రినో మొగుణ్నో విడిగా అడిగి, రెండు జవాబులూ పోల్చేవాళ్ళు. తేడా వస్తే తిరుగు ఓడ. ఇరవై ఏళ్ళ కింద వదిలొచ్చిన ఇంటి మెట్లు ఎవరికి గుర్తుంటాయి? నిన్న నేను కిటికీ ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ దీవే గుర్తొచ్చింది. మా అత్తగారి ఇంట్లో గదులెన్ని అని అడిగితే చెప్పగలనా అని లెక్కపెట్టుకున్నాను.

మావయ్య: ఆ ప్రశ్నలు ఎందుకు పుట్టాయో అది కూడా చెప్పు మరి. నువ్వే ఒకసారి చెప్పావు, 1906లో భూకంపం వచ్చి ఆ ఊళ్ళో జనన రికార్డులన్నీ కాలిపోయాయని.

శిరీష: కాలిపోయాయి. దాంతో చాలామంది మేం ఇక్కడే పుట్టామని రాయించుకున్నారు. అలా పౌరులయ్యాక కొడుకులున్నారని చెప్పి, లేని కొడుకుల పేరు మీద వేరేవాళ్ళని రప్పించారు. కాగితం కొడుకులనేవాళ్ళు వాళ్ళని. ఓడలో వచ్చేటప్పుడు జవాబులు బట్టీపట్టి, ఆ కాగితాలు సముద్రంలో పారేసేవాళ్ళు.

మావయ్య: చూశావా! రికార్డు ఆఫీసు ఒక్కటి కాలితే ఇంత జరిగింది. రుజువు లేని చోట అబద్ధం ఎలా మొలుస్తుందో నువ్వే చెప్పావు. నాకు దస్తావేజుల గది తాళం చెవి అప్పగించినప్పుడు మా పాత సబ్ రిజిస్ట్రారు గారు నీళ్ళ కుండ కూడా ఆ గదిలో పెట్టనిచ్చేవారు కాదు. ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

శిరీష: సగమే చూస్తున్నారు మీరు. చైనావాళ్ళు రాకూడదని 1882లో చట్టం చేసి, 1943 దాకా తలుపు మూసిపెట్టారు. మూయకపోతే ఆ అబద్ధాల అవసరమే ఉండేది కాదు. మనల్నీ ఏమంత ఆదరించారు? 1917లో మన దేశాన్ని మొత్తంగా నిషేధిత ప్రాంతంలో చేర్చారు. 1946లో సడలించి ఏడాదికి వంద మంది రావచ్చన్నారు. దేశం మొత్తానికి వందే.

మావయ్య: 1965లో ఆ చట్టాలన్నీ మార్చారుగా. పౌరుల భార్యాభర్తలకి ఇప్పుడు కోటా లేదుగా. చట్టం చెడ్డదైతే చట్టాన్ని తిట్టు. పెళ్ళి నిజమా కాదా అని అడగటాన్ని తిట్టకు.

శిరీష: అడగటం దగ్గర ఆగితే నేనెందుకు తిడతాను? బ్రిటన్‌లో ఎక్కడి దాకా పోయిందో వినండి. 1979 జనవరిలో పెళ్ళి చేసుకోడానికి వెళ్ళిన మన దేశపు స్త్రీ ఒకామెకి, ముప్ఫై ఐదేళ్ళ టీచరుకి, లండన్ హీత్రూ విమానాశ్రయంలో కన్యాత్వ పరీక్ష చేశారు. కాబోయే పెళ్ళికూతురా, అప్పటికే పెళ్ళయిన భార్యా అని తేల్చుకోవడానికట. పత్రికల్లో వచ్చాక గానీ ఆగలేదు. తర్వాత ఇంకో నియమం. నీ పెళ్ళి ముఖ్యోద్దేశం బ్రిటన్‌లో స్థిరపడటం కాదని నువ్వే రుజువు చేసుకోవాలి. పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకున్న మనవాళ్ళు ఏం రుజువు చేస్తారు? సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఎక్కడుంటాడని ఎవరు అడగరు? 1997లో కొత్త ప్రభుత్వం వచ్చి దాన్ని ఎత్తేసింది. ఎత్తేసే దాకా విడివిడిగా గడిపినవాళ్ళ ఏళ్ళు ఎవరిస్తారు?

మావారు దీనికి జవాబు చెప్పలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ టీచరు మాట విన్నాక నాకు నోట్లో ముద్ద దిగలేదు.

శిరీష: అమెరికాలో 1986లో పెళ్ళి మోసాల మీద చట్టం తెచ్చారు. పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా అడుగుపెడితే గ్రీన్‌కార్డు రెండేళ్ళకే ఇస్తారు, షరతులతో. అది ముగిసేలోగా ఇద్దరూ కలిసి మళ్ళీ దరఖాస్తు పెట్టి, మళ్ళీ రుజువు చేసుకోవాలి. నాకు వర్తించేదీ అదే. ఆ చట్టానికి ముందు అధికారులు ఇలాంటి పెళ్ళిళ్ళలో 30 శాతం దొంగవని ఒక సర్వే చూపించి చట్టసభ ముందు చెప్పారు. ఆ సర్వే నిలిచేది కాదని తర్వాత కోర్టులో తేలిపోయింది. లెక్క తప్పయింది, చట్టం మాత్రం ఉండిపోయింది.

మావయ్య: సరే, లెక్క తప్పే అనుకో. పసుపు వాసన నా ముక్కుకి తగిలింది నిజమా కాదా?

శిరీష: నిజమే. ఒక్క సంగతి చెప్పండి మావయ్యా. మీరు ఎవరిదైనా దస్తావేజు రిజిస్టరు చెయ్యనంటే ఏం చెయ్యాలి మీరు?

మావయ్య: కారణం రాయాలి. నోటితో చెప్తే సరిపోదు. రెండో నంబరు పుస్తకమని విడిగా ఉంటుంది, నిరాకరించిన కారణాలు రాయడానికే. అడిగితే నకలివ్వాలి. వాళ్ళు ముప్ఫై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకి అప్పీలు చేసుకోవచ్చు. 1908 చట్టంలోనే ఉంది, 71, 72 సెక్షన్లు.

శిరీష: అంటే ఒక ఇంటి స్థలం కాగితాన్ని కాదన్నా కారణం రాయాలి, పైవాడికి చెప్పుకోవచ్చు.

మావయ్య: తప్పకుండా.

శిరీష: లాస్ ఏంజెలెస్‌లో సాండ్రా మున్యోజ్ అని ఒక న్యాయవాది. అమెరికా పౌరురాలు. భర్తది ఎల్ సాల్వడార్. 2015లో అతను శాన్ సాల్వడార్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాడు, నాలాగే. వీసా ఇవ్వలేదు. ఎందుకో చెప్పలేదు, సెక్షను నంబరు చెప్పారంతే. కోర్టుకెళ్ళి ఏళ్ళు గడిచాక తెలిసింది, ఒంటి మీది పచ్చబొట్లు చూసి ముఠా మనిషని అనుమానించారని. కాదని నిపుణుడితో చెప్పించుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2024 జూన్‌లో తీర్పు వచ్చింది, ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. విదేశీ భర్తని తెచ్చుకోవడం పౌరురాలి ప్రాథమిక హక్కేమీ కాదన్నారు. కాన్సులర్ అధికారి కాదంటే కోర్టుకి చెప్పుకునే దారి దాదాపు లేదు. మావయ్యా, మీ రెండో నంబరు పుస్తకం అక్కడ లేదు.

బండి పుణె స్టేషన్లో ఆగి ఉంది. మావారు చాలాసేపు ప్లాట్‌ఫారం వైపు చూస్తూ కూర్చున్నారు. ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఆ పుస్తకంలో రాయడానికి భయపడిన పైఅధికారులతో ఆయన ఎన్నిసార్లు పేచీ పడ్డారో నాకు తెలుసు. కారణం రాయకుండా కాదనే వాడు రేపు డబ్బు తీసుకుని అవునంటాడు అనేవారు ఇంటికొచ్చి.

మావయ్య: అది తప్పు. కారణం రాయకపోవడం ఎక్కడైనా తప్పే. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఇంకో సంగతి నువ్వు ఒప్పుకోవాలి. నీ ఫైల్లో ఐ-864 అని ఒకటి ఉంది. చదివావా?

శిరీష: ఆయన ఆదాయం కాగితమేగా. పేదరిక రేఖకి 125 శాతం సంపాదిస్తున్నాడని చూపించాలి. దాని తాలూకు పన్ను కాగితమేగా నిన్న తక్కువైంది.

మావయ్య: చదివావా అన్నాను.

శిరీష: లేదు. అదంతా ఆయనే నింపి పంపాడు.

మావయ్య: నేను చదివాను. అది ఆదాయం కాగితం కాదమ్మా, ఒప్పందం. నిన్ను పోషిస్తానని నీ మొగుడు అమెరికా ప్రభుత్వానికి రాసిచ్చిన కాగితం. నువ్వక్కడ పౌరురాలివయ్యే దాకానో, నలభై త్రైమాసికాల పని లెక్కకొచ్చే దాకానో, అంటే దాదాపు పదేళ్ళు, అది నడుస్తుంది. నువ్వు దేశం వదిలి వచ్చేస్తేనో, ఇద్దరిలో ఒకరు పోతేనో తప్ప. విడాకులైనా రద్దు కాదు. అతను మాట తప్పితే ఆ కాగితం పట్టుకుని నువ్వు కోర్టుకి వెళ్ళొచ్చు. మనం పెళ్ళిలో అన్నీ అడిగాం, కట్నం వద్దన్నాడని మురిసిపోయాం. ఇంత మాట అతని చేత రాయించుకున్నామా? రాయించింది నువ్వు తిట్టే ఆ ఆఫీసే.

శిరీష: ఆయన అలాంటి మనిషి కాదు మావయ్యా.

మావయ్య: కాడు. నాకు తెలుసు. నేను రిటైరయ్యే ముందు ఏడాది ఒక అమ్మాయి వచ్చింది ఆఫీసుకి, పెళ్ళి సర్టిఫికెట్ నకలు కావాలని. మొగుడు అమెరికా వెళ్ళాడు, తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఏ ఊళ్ళో ఉన్నాడో తెలీదు. అతను ఏ వీసా మీద వెళ్ళాడో, తన పేరు ఎక్కడైనా రాశాడో లేదో ఏమీ తెలీదు. అమ్మా, నీ దగ్గర ఏం కాగితాలున్నాయి అన్నాను. శుభలేఖ తీసి చూపించింది. నకలిచ్చి పంపాను. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు. ఆ పిల్ల కూడా పెళ్ళప్పుడు, ఆయన అలాంటి మనిషి కాదు అనే అనుకుని ఉంటుంది.

ఇక నేను కలగజేసుకున్నాను. ఏమండీ, మీరిద్దరూ మాట్లాడేది ఒక్కటే కాగితం గురించి కాదూ అన్నాను. ఆ కిటికీ దగ్గర ప్రశ్నలన్నీ పిల్లనే అడుగుతారు. కాగితాలన్నీ మగవాళ్ళ దగ్గరుంటాయి. పిటిషను మొగుడిది, సంపాదన మొగుడిది, ఫైలు సర్దింది మావయ్య. పన్ను కాగితం పాతదని శిరీషకి కిటికీ ముందు గానీ తెలియలేదు, ఎందుకంటే ఆ ఫైలు దాని చేతికి ఇచ్చింది గేటు దగ్గర. దానికి మేమిద్దరం ఉన్నా ఇంత జరిగింది. కారణం చెప్పకుండా కాదనే అధికారం ఎవరికీ ఉండకూడదని శిరీష అంటే నేను దాని పక్షమే. కానీ తన ఫైలు తను చదవని పిల్ల, ఆ అధికారం ముందు ఏం పెట్టి నిలబడుతుంది?

శిరీష నా మొహంలోకి చూసింది. తర్వాత ఫోను తీసి డాలస్‌కి మెసేజ్ పెట్టింది. కొత్త ఏడాది పన్ను ట్రాన్స్‌క్రిప్టు పంపమని ఒక వాక్యం. సంతకం పెట్టిన ఐ-864 పూర్తి కాపీ, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తనకి పంపమని ఇంకో వాక్యం. షోలాపూర్ చేరేలోపు రెండూ వచ్చాయి. పంపుతూ అతను రాసిన మాట నాకు నచ్చింది. ముందే పంపాల్సింది, నాకు తట్టలేదు, అన్నాడు.

మావారు సీటు కింద నుంచి ఫైలు తీసి దానికిచ్చారు. ఏది ఎందుకు పెట్టారో ఒక్కొక్కటీ అడిగి, రాత్రి పదకొండు దాకా చదివింది. పొద్దున విజయవాడలో దిగేటప్పుడు ఆ ఫైలు దాని భుజానికున్న సంచిలోనే ఉంది.

అమెరికాకి పిల్లని పంపుతున్న ఇళ్ళవాళ్ళకి నా మనవి ఇది. చిలుకూరు గుడిలో ప్రదక్షిణలు చెయ్యండి, మా ఆడపడుచు కూడా పదకొండు చేసి, వీసా వస్తే నూటెనిమిది చేస్తానని మొక్కింది. కానీ ఇంటర్వ్యూకి నెల ముందే ఫైలు పిల్ల చేతికివ్వండి. పెళ్ళి సర్టిఫికెట్ నకళ్ళు రెండు తీయించి ఒకటి పుట్టింట్లో ఉంచండి. అల్లుడు సంతకం పెట్టిన ఐ-864 కాపీ అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. అది మీ అమ్మాయి పేరు మీద రాసిన కాగితం.